స్లైగో వాళ్ళు వస్తామన్నారు

నేను ఏం చెప్పినా సగానికి తగ్గించుకుని వినమని మా ఆయన కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తాడు. సముద్రపు గాలికి మా కారు వైపర్లు వాటంతటవే తిరిగాయని నేనంటే, "ఒక్కటే తిరిగింది" అని పక్కనుంచి సవరిస్తాడు. అలాంటి నాకు ఐర్లండులో దొరికిన ఆఖరి ఉద్యోగం లెక్కపెట్టడం. అరుదైన ఊపిరితిత్తుల జబ్బులు ఈ దేశంలో ఎంతమందికి ఉన్నాయో ఆస్పత్రి రికార్డుల్లోంచి తేల్చి చెప్పడం. పిల్లికి పాలకుండ అప్పజెప్పినట్టన్నమాట.

రిటైరయ్యే వయసు నాకింకా రాలేదు కానీ, ఆ ఉద్యోగమే నాకన్నా ముందు రిటైరయింది. ఇక్కడి మన పిల్లలు చాలామంది డేటా పనుల్లోనే ఉన్నారు. ఎక్కడ కనిపించినా "ఆంటీ, మీరు హాస్పిటల్లో ఏం చేసేవాళ్ళు?" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసం ఈ ఒక్క సంగతి రాసి పెడుతున్నాను. ఇందులో తగ్గించుకోవాల్సిందేమీ లేదు. వైపర్ల విషయంలో మాత్రం నేను ఇప్పటికీ రెండనే అంటాను.

అవి మాంద్యం రోజులు. అంతకుముందు నేనొక మాత్రల ఫ్యాక్టరీలో నాణ్యత లెక్కలు చూసేదాన్ని. ఒక సోమవారం పొద్దున్నే అందర్నీ క్యాంటీనుకి పిలిచి, టీ ఇచ్చి, కేకు పెట్టారు. ఈ దేశంలో పండగా పబ్బమూ లేకుండా కంపెనీవాడు కేకు పెట్టాడంటే మన కొంప మునిగిందని అర్థం. కొన్నాళ్ళకి డబ్లిన్‌లో ఒక ఆస్పత్రివాళ్ళు పరిశోధన పని మీద తాత్కాలికంగా తీసుకున్నారు. ఇంటర్వ్యూలో డ్రైవింగ్ వచ్చా అని అడిగితే వచ్చన్నాను. అది అబద్ధం కాదు. లెర్నర్ పర్మిట్ ఉంది. టెస్టువాళ్ళే నన్ను సరిగ్గా అర్థం చేసుకోలేదు.

ఆస్పత్రిలో వెళ్ళిపోయినవాళ్ళ చోట కొత్తవాళ్ళని తీసుకోవడం అప్పటికే ఆపేశారు. నర్సులు ఆస్ట్రేలియాకి, డాక్టర్లు కెనడాకి బారులు తీరి పోతున్నారు. శుక్రవారం వచ్చిందంటే ఎవరిదో ఒకరిది వీడ్కోలు, మళ్ళీ కేకు. నాకిచ్చిన గది ఒకప్పుడు దుప్పట్లూ తువ్వాళ్ళూ వెచ్చగా ఉంచే హాట్ ప్రెస్. కిటికీ లేదు గానీ గోడ వెంట వేడినీళ్ళ గొట్టం పోయేది. ఖర్చు తగ్గించాలని మిగతా గదుల్లో హీటింగు తగ్గించాక, ఆ భవనం మొత్తంలో వెచ్చని చోటు నాదొక్కటే. ఏదో ఒక వంక పెట్టుకుని అందరూ వచ్చి కూర్చునేవారు. ఊపిరితిత్తుల పెద్ద డాక్టరుగారు కూడా చేతులు రుద్దుకుంటూ వచ్చి, "లెక్క ఎంతవరకు వచ్చింది?" అంటూ గొట్టానికి వీపు ఆనించి నిలబడేవారు. నా లెక్కల మీద ఆయనకున్న ఆసక్తిలో సగం ఆ గొట్టానిదే.

పని గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు. ఎవరైనా ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళాక వాళ్ళ కాగితాలు చదివి, ఏ జబ్బుకి ఆ జబ్బు కోడ్ వేస్తారు. పేరూ చిరునామా తీసేసి, ఆడా మగా, ఏ కౌంటీ, వయసు ముప్ఫైల్లోనా నలభైల్లోనా, చేరినప్పుడు ఏం జరిగింది, ఎలా వెళ్ళారు అన్నవి మాత్రం మాకిస్తారు. చిక్కేమిటంటే అది మనుషుల లెక్క కాదు, గడప దాటిన లెక్క. ఒకే మనిషి ఒకే ఆస్పత్రికి పదిసార్లు వచ్చినా నంబరు ఒకటే గనక పట్టుకోవచ్చు. ఇంకో ఆస్పత్రికి వెళితే ఇంకో నంబరు. దేశమంతటికీ కలిపి మనిషికో నంబరనేది మాకప్పుడు అందుబాటులో లేదు. అందుకని కౌంటీ, వయసు కలిస్తే ఒకే మనిషని, కలవకపోతే వేరే మనిషని మేమే ఒక సూత్రం పెట్టుకున్నాం.

మేం వెతుకుతున్న వాటిలో ఒక జబ్బు దాదాపుగా ఆడవాళ్ళకే వస్తుంది. దాని పేరు ఒక్క గుక్కలో పలకాలంటే ఊపిరితిత్తులు నిక్షేపంలా ఉండాలి. ఊపిరితిత్తుల్లో గాలిబుడగల్లాంటివి పుట్టి, మంచి భాగాన్ని మెల్లగా తినేస్తాయి. ఒక్కోసారి ఊపిరితిత్తి ఉన్నట్టుండి గాలి తీసిన బంతిలా ముడుచుకుపోతుంది. దేశం మొత్తానికి, కాస్త అటూఇటూగా, చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది ఉంటారని మా అంచనా. అలాంటిది వాయవ్యాన, స్లైగో చుట్టుపక్కలే ఐదుగురు ఆడవాళ్ళు తేలారు. తలో కౌంటీ, తలో వయసు.

డాక్టరుగారికి ఆ రోజు గొట్టం గుర్తు రాలేదు. ఇక నా సంగతి చెప్పాలా. గోడకి పటం తగిలించి ఐదు ఎర్రచుక్కలు పెట్టాను. అక్కడి పొయ్యిల్లో కాల్చే టర్ఫ్ మట్టిగడ్డల పొగ వల్లనేమో అన్నాను. సముద్రపు నాచు వల్లనేమో అన్నాను. గాలి వల్లనేమో అని, సాక్ష్యంగా వైపర్ల సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వి, "చుక్కలు బాగున్నాయి. ముందు ఆ మనుషులు నిజంగా ఉన్నారో లేదో చూడండి" అన్నారు.

ఆ ఐదుగురిలో ఒకావిడ మా క్లినిక్‌కి వచ్చేది. స్లైగోలో ఉంటుంది, డ్రైవింగ్ నేర్పే టీచరు. ఈ రాతలో ఆవిడని "అంది", "వచ్చింది" అనే రాస్తాను. మర్యాద తెలియక కాదు. మర్యాద వల్ల ఒకసారి దెబ్బతిన్నాను, అది ముందు ముందు చెబుతాను.

ఆవిడకి బయటికి వెళ్ళేటప్పుడు ఆక్సిజన్ పెట్టుకోమని డాక్టరుగారు చెప్పి చాలాకాలమైంది. భుజాన తగిలించుకునే చిన్న సిలిండరు, ముక్కుకి సన్నని గొట్టం. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి ఇంట్లో ప్రెస్‌లో, అంటే అలమరలో, పెట్టి తలుపేసింది. మా దగ్గరి శ్వాసవిభాగం నర్సు, గుంటూరు వైపు అమ్మాయి, డబ్లిన్ దగ్గర నేవన్‌లో కాపురం, నన్ను అక్కా అంటుంది, ఆ సిలిండరు గురించి తన సొంత మనిషి సంగతిలా బాధపడేది.

"పెట్టుకోకపోతే గుండె మీద బరువు పడిద్దక్కా. చెప్తే నవ్వేస్తారు. 'గ్రాండ్, గ్రాండ్, బాగానే ఉన్నా' అంటారు. 'ఈ జబ్బున్న ఇంకో మనిషిని నాకొక్కసారి చూపించండి. నాకంటే ముందు నుంచీ ఉన్న మనిషిని. ఆమె పెట్టుకుని రోడ్డు మీద తిరగతా కనపడితే నేనూ పెట్టుకుంటా' అంటారు. ఎక్కడ నుంచి తెచ్చేది?"

నా పటం మీద ఇంకా నాలుగు చుక్కలున్నాయి గదా. డాక్టరుగారు ఆవిడతో, మీ దగ్గరలోనే ఇంకో నలుగురున్నట్టున్నారు, వాళ్ళు ఒప్పుకుంటే కలుసుకుందురు గానీ అన్నారట. పేర్లు మాకు తెలియవు, తెలియకూడదు కూడా. అందుకని ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రే తమ రోగికి ఆహ్వానం పంపేట్టు ఏర్పాటైంది. స్లైగోలో చర్చివాళ్ళ పారిష్ హాలు, శనివారం పొద్దున, టీ, శాండ్‌విచ్‌లు. ఇష్టమైతే మా నర్సుకో నాకో ఫోన్ చేసి చెప్పమన్నాం.

పది రోజులు పోయాక హాట్ ప్రెస్‌లో నర్సుని పట్టుకున్నాను. డాక్టరుగారు గొట్టం దగ్గరే ఉన్నారు.

"స్లైగో వాళ్ళ సంగతేమైంది?"

"మాట్లాడానక్కా. బాగానే ఉన్నారు. మెట్లెక్కితే ఆయాసపడతన్నారంట. మాటలు మాత్రం తగ్గలా. నవ్విస్తానే ఉంటారు."

"వస్తారంటావా?"

"ఎందుకు రారు? వస్తామన్నారు. ఎప్పుడెప్పుడా అని చూస్తన్నారు."

నా కళ్ళ ముందు ఐదుగురు ఆయాసపడుతూ నవ్వుకుంటున్నట్టే ఉంది. డాక్టరుగారి వైపు తిరిగి, ఇంగ్లీషులో, "వాళ్ళంతా గ్రాండ్ అట డాక్టర్. అందరూ వస్తున్నారు" అన్నాను. అంతమంది ఉన్నారని నర్సు నా కంప్యూటర్ని నమ్మింది. ఉన్నారని నేను నర్సు మాటని నమ్మాను. మా ఇద్దర్నీ డాక్టరుగారు నమ్మారు.

శనివారం పొద్దున్న బయల్దేరాం. పర్మిట్ నాది గనక పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, అది నర్సు. రౌండబౌట్ కనిపించినప్పుడల్లా పెదవులు కదిపేది. ముల్లింగార్ దాటేసరికి గొంతు కూడా వినిపించసాగింది.

"ఎవరి కోసం ప్రార్థన?" అన్నాను.

"ఎదురొచ్చేవాళ్ళ కోసమక్కా."

లాంగ్‌ఫర్డ్ అవతల రోడ్డు పక్కన సగం కట్టి వదిలేసిన ఇళ్ళ వరసలు. కిటికీలకి అద్దాలున్నాయి, లోపల మనుషుల్లేరు. ఒక వరస చివర ఒకే ఒక్క ఇంట్లో దీపం వెలుగుతోంది. నర్సు ప్రార్థన ఆపి ఆ ఇంటి వైపే చూస్తూ కూర్చుంది.

హాలు ముందు తెల్లగీత మీదుగా కారు ఆపి దిగాను. గుమ్మంలో ఎర్రకోటు వేసుకుని, పెదవులకి రంగేసుకుని, జుట్టు పొందిగ్గా సెట్ చేయించుకున్న ఒకావిడ నా కారుని చూస్తోంది. వెనక పొడుగ్గా, మౌనంగా భర్త.

"ఆ కారు మీదేనా? ఒక్క కారే గానీ రెండు చోట్ల ఉందే" అంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది గానీ, ఆ ఆగడం కూడా వెక్కిరింతలో భాగమనిపించేట్టు ఆగుతోంది.

"డబ్లిన్‌లో ఇలాగే పెడతాం" అన్నాను.

"నేర్పిందెవరు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది."

నర్సుని చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. ఇద్దరూ కావలించుకున్నారు. లోపల ఐదు కుర్చీలు గుండ్రంగా వేశాను, మాకు వేరే. ఆవిడ గుమ్మానికి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని కూర్చుంది. భర్త గోడ పక్కన. టీ మరుగుతోంది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆవిడ సగం లేచి, చెయ్యి జుట్టు మీదికి పోయేది. మొదటిసారి హాలు కాపలాదారు. రెండోసారి బ్యాడ్మింటన్ రాకెట్టుతో ఒకాయన. రోజు తప్పొచ్చానని చెప్పి, ఒక శాండ్‌విచ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

"అందరిలోకీ పెద్దామె ఎక్కడి నుంచి రావాలి?" అంది ఆవిడ.

"డొనెగాల్ అనుకుంటాను."

"అయితే ఆలస్యమే. నేనూ అక్కడిదాన్నే. టైము మాకు పెద్ద పట్టింపు కాదు." మళ్ళీ తలుపు వైపు చూసింది. "వ్యాపారం లేక నాకీ ఖాళీ బాగానే ఉంది. ఈ రెండేళ్ళలో నా దగ్గర నేర్చుకున్న పిల్లలంతా టెస్టు పాసై, నేరుగా ఎయిర్‌పోర్టుకే నడుపుకుంటూ పోయారు."

టీ చల్లారింది. మళ్ళీ పెట్టాం. బయట వాన మొదలై, ఆగింది. ఎవరూ రాలేదు.

"వస్తారు లెండి. నాకు రాసినన్ని ఉత్తరాలే వాళ్ళకీ రాసి ఉంటే రాకుండా ఉండరు. అన్నిసార్లు పిలిస్తే సిగ్గేసి అయినా వస్తారు" అంది.

నా చేతిలో శాండ్‌విచ్ ప్లేటు అలాగే ఉండిపోయింది. "ఎన్నిసార్లు పిలిచాం?"

"ఐదు. మీకు మరీ అంత పట్టుదలేమిటా అనుకున్నాం. ఒకటి మా అమ్మావాళ్ళింటికి పోయింది, పెళ్ళికి ముందు పేరుతో, అదీ ఐరిష్‌లో. ఒకటి గాల్వేలో నేను పని చేసినప్పటి గదికి. ఒకటి ఆ దిక్కుమాలిన కొత్తిల్లు, సగంలో బిల్డరు పారిపోతే వదిలేసి వచ్చామే, దానికి. పక్క కౌంటీలో మా చెల్లెలి ఇంటికొకటి. ఇక్కడికొకటి. పోస్టువాళ్ళు అన్నీ తిప్పి తిప్పి తెచ్చి మా గుమ్మంలోనే వేశారు."

మా చిన్నప్పుడు పగటివేషగాడు వరసగా రోజుకొక వేషంలో వచ్చేవాడు. ఒకరోజు సోదెమ్మ, ఒకరోజు పోలీసు, ఒకరోజు ఫకీరు. ఊళ్ళోకి కొత్తవాళ్ళు ఎంతమంది వస్తున్నారో అని నేను ఆశ్చర్యపోయేదాన్ని. ఆఖరి రోజు రంగు కడుక్కుని మామూలు ముఖంతో గుమ్మంలో నిలబడితే, వాణ్ణొక్కణ్ణే గుర్తుపట్టలేకపోయాను. ఇప్పుడూ అంతే. పెళ్ళికాని డొనెగాల్ పిల్ల, ముప్ఫైల్లో గాల్వే మనిషి, లీట్రిమ్‌లో ఇల్లు కొనుక్కున్నామె, పక్క కౌంటీలో చెల్లెలి ఇంటి నుంచి చేరినామె. పటం మీది నా ఐదు చుక్కలూ ఎర్రకోటు వేసుకుని ఎదురుగా కూర్చున్నాయి.

నర్సుని గోడవారకి లాక్కెళ్ళి తెలుగులో గొంతు తగ్గించి అడిగాను. "వస్తామన్నారన్నావు?"

"అవునక్కా. ఆవిడా వాళ్ళాయనా. వచ్చారు గదా."

"బాగానే ఉన్నారు, ఆయాసపడుతున్నారు, నవ్విస్తున్నారు అన్నావు. అంతా ఈవిడేనా?"

"మరెవరక్కా?"

"నేను ఐదుగురనుకున్నానే తల్లీ."

"పెద్దావిడని పట్టుకుని 'ఉంది, నవ్విస్తది' అంటానా? మా ఇంట్లో చెంప పగలగొడతారు. మిగతా నలుగురు నీతో మాట్లాడారేమో అనుకున్నా."

"ఏం గొడవ?" అంది కుర్చీలోంచి ఆవిడ. "నాకు అర్థం కాకపోయినా గొడవని తెలుస్తోంది. చెప్పండి."

చెప్పడం తప్ప దారి లేదు. నా జీవితంలో అంత పొట్టిగా, అంత నిజంగా ఎప్పుడూ మాట్లాడలేదు. కంప్యూటరు ఊరు మారినప్పుడల్లా మిమ్మల్ని కొత్త మనిషి అనుకుందని చెప్పాను. దాన్ని సరిచూసుకోవాల్సిన చోట మా భాష అడ్డుపడిందని చెప్పాను. మా భాషలో గౌరవమున్న మనిషిని ఒకరిగా అనం, 'వాళ్ళు' అన్నట్టుగా అంటాం, ఈ అమ్మాయి మీ గురించి ఎప్పుడూ అలాగే మాట్లాడుతుంది అన్నాను.

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "అంటే కంప్యూటరు నన్ను ఐదుగుర్ని చేసింది. ఈ పిల్ల గౌరవించి ఖాయం చేసింది."

"అంతే."

నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు కదిలేట్టు, కళ్ళ రంగు చెదిరేట్టు. నర్సూ నవ్వింది, ఏడుపు ముఖంతోనే. అంతలో ఆవిడ ఖాళీ కుర్చీల వైపు చూసింది. నవ్వు అక్కడితో ఆగింది.

"అయితే ఎవరూ లేరు" అంది.

నేను శాండ్‌విచ్ ప్లేటు బల్ల మీద పెట్టేశాను.

తర్వాత దగ్గొచ్చింది. నవ్వు వెనకే వచ్చే దగ్గు, ఆగదు. పెదవుల రంగు కింద నీలం కనపడింది. నర్సు దూకినట్టు వెళ్ళి వీపు పట్టుకుంది. గోడ పక్కన భర్త లేచి, పరిగెత్తకుండా, పెద్ద పెద్ద అంగలేసుకుంటూ బయటికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు అతని చేతిలో దుప్పటి చుట్టిన సిలిండరు ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని, మీట తిప్పి, గొట్టం ఆవిడ ముక్కుకి పెట్టి, చెవుల వెనక్కి సర్దాడు. చెయ్యి అలవాటైన మనిషిలా చేశాడు.

ఆవిడకి మాట రావడానికి చాలాసేపు పట్టింది. "అది ప్రెస్‌లో ఉండాలి."

"ప్రెస్‌లో ఖాళీ డబ్బా ఉంది" అన్నాడు. ఆ రోజు అతను మాట్లాడడం అదే మొదలు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇచ్చినప్పటి నుంచి. కారు డిక్కీలో. మార్చి మార్చి పెడుతున్నా."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే దాన్ని కారులోంచి దింపేస్తావు."

ఆవిడ అతని చేతి మీద ఒక్కటి వేసి, ఆ చేతిని అలాగే పట్టుకుంది. మేమిద్దరం టీ చూసుకోవడానికి వెళ్ళాం. టీలో చూడాల్సిందేమీ లేదు.

తిరిగొచ్చేసరికి పెదవులకి మళ్ళీ రంగు తిరిగింది. "సరే" అంది ఆవిడ. "ఇంత దూరం కారు నడుపుకుంటూ వచ్చారు, ఎలా నడిపారో దేవుడికెరుక. ఆ నలుగురి గురించీ మీ దగ్గర ఉన్నది చెప్పండి. వినే పోతాను."

అవి ఆవిడవే గనక చెప్పొచ్చు. నేను ఒక్కో కుర్చీ వైపు చూస్తూ మొదలుపెట్టాను. "ఈ కుర్చీలో డొనెగాల్ అమ్మాయి. అందరిలోకీ చిన్నది. ఊపిరితిత్తి ముడుచుకుపోయి ఆస్పత్రికొచ్చింది. జబ్బు పేరు అప్పుడే తెలిసింది. డాక్టర్లు వద్దన్నా సంతకం పెట్టి మధ్యలో వెళ్ళిపోయింది. ఎందుకో రికార్డులో లేదు."

"మా అన్న పెళ్ళి" అంది ఆవిడ. "చంకలో కుట్లతో డాన్సు చేసింది."

"నాలుగు రోజులకి మళ్ళీ వచ్చి చేరింది."

"చేరదా మరి. కుట్లు ఊడాయి."

"ఈ కుర్చీలో గాల్వే ఆవిడ. రెండో ఊపిరితిత్తి కూడా అలాగే అయితే, మళ్ళీ ముడుచుకోకుండా పక్కటెముకల గోడకి అతికించారు. చాలా నొప్పి మందులు రాశారు."

"ఆమె తిట్టిన తిట్లు రాయలేదా?"

"వాటికి కోడ్ లేదు."

"ఉండాలి."

"ఇదిగో, లీట్రిమ్ ఆవిడ. మంచు పడ్డ చలికాలంలో కాలు విరిగి చేరింది."

"ఆ ఎస్టేటులో రోడ్డే వెయ్యలేదు. చుట్టూ ఒక్క కాపురం లేదు. మంచులో కూర్చుని అరిస్తే వినడానికి ఒక గొర్రె ఉంది." భర్త వైపు చూసింది. "తర్వాత ఇతను."

ఇలా నాలుగో ఆవిడ దాకా చెప్పాను. ఉప్పూ కారం వెయ్యలేదు. వెయ్యడానికి చోటు లేదు, నేను ఎండు ముక్క పెట్టేలోపు ఆవిడే దాన్ని కూర చేసేస్తోంది. చివరికొచ్చేసరికి ఆవిడ మాటలు తగ్గించి, మొదటి కుర్చీని చూస్తూ కూర్చుంది.

"ఆ డొనెగాల్ పిల్ల" అంది, "ఈ జబ్బుతో అందరికంటే ఎక్కువ కాలం ఉన్నది ఆమేనా?"

"ఆమే."

"నేనెప్పుడూ గాలి డబ్బా ఇచ్చిన రోజు నుంచే లెక్కేసుకుంటున్నా. అప్పట్నించే జబ్బుమనిషినని." మళ్ళీ ఆ కుర్చీ వైపే చూసింది. "ఇంకా ఉందా ఆమె?"

"ఉంది" అన్నాను.

"ఎలా ఉంది?"

నేను నోరు తెరిచేలోపు నర్సు ఇంగ్లీషులో, చాలా మెల్లగా, "నవ్విస్తూనే ఉంటుంది" అంది. మొదటిసారి ఆవిడని ఏకవచనంలో అంది.

వెళ్ళే వేళకి బయట ఎండ కాసింది. హాలు పక్కన దుకాణం ముందు జనం. నేను కారు వెనక్కి తీయబోతుంటే, ఆవిడ అద్దం మీద కొట్టింది. అలా కాదు, చక్రం ముందు అటు తిప్పు, అద్దంలో చూడు, ఆ తెల్లగీత నీకు చుట్టం కాదు, దాన్ని అంటిపెట్టుకుని ఉండకు. కారు చుట్టూ తిరుగుతూ చేతులతో చూపిస్తోంది. వెనకాలే భర్త సిలిండరు పట్టుకుని, గొట్టం సాగకుండా అడుగులో అడుగేస్తున్నాడు. దుకాణం ముందు ఎవరో చెయ్యూపి పలకరించారు. ఆవిడ చెయ్యూపి, మళ్ళీ నన్ను తిట్టడంలో పడింది. ముక్కుకి ఏమున్నదో ఆవిడకి గుర్తు లేదు. నర్సు నా మోచెయ్యి నొక్కింది. ఇద్దరం ఏమీ అనలేదు. అంటే గుర్తొస్తుందని భయం. కావాలనే ఇంకో మూడుసార్లు తప్పుగా తీశాను. నా తప్పుల్లో కొన్నయినా కావాలని చేసినవే అంటే మా ఆయన ఇప్పటికీ నమ్మడు.

సోమవారం డాక్టరుగారికి చెప్పాను. ఆయన పటం దగ్గరికి వెళ్ళి, నాలుగు చుక్కలు తనే పీకేశారు. "ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో ఒక్క రోజులో నలుగురికి నయం చేసినవాళ్ళని చూడలేదు" అన్నారు. తర్వాత నవ్వాపి, దేశం మొత్తం లెక్క మళ్ళీ మొదటి నుంచీ చెయ్యమన్నారు. చేశాం. ప్రతి మూలా ఇలాంటి వేషాలు బయటపడ్డాయి. లెక్క తగ్గుతూ పోయింది. పెద్ద అంకె కోసం ఎదురుచూసినవాళ్ళకి మా నివేదిక రుచించలేదు. స్లైగోలో ప్రత్యేక క్లినిక్ కావాలన్న డాక్టరుగారి మాట కూడా దాంతోపాటే వెనక్కి పోయింది. అది మాత్రం నాకిప్పటికీ బాధే. మీరు రేపు ఏ డేటా ముందు కూర్చున్నా, చుక్కలు లెక్కపెట్టిన తర్వాత ఒకసారి కుర్చీలు కూడా వేసి చూడండి.

ఆ ఏడు వేసవి చివర్లో డబ్లిన్ శివారు టాలట్ నుంచి ఒక అమ్మాయి మా ఆస్పత్రికి వచ్చింది. లుఆస్ ట్రాము ఎక్కడానికి పరిగెత్తితే ఊపిరితిత్తి ముడుచుకుపోయిందట. అదే జబ్బు. కాలేజీ పిల్ల. ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేది. ఇదే జబ్బున్న ఒకావిడ స్లైగోలో ఉంది, మాట్లాడతావా అని నర్సు అడిగితే తలూపింది. స్లైగోకి ఫోన్ చేస్తే, ఆవిడ క్లినిక్ రోజు దాకా కూడా ఆగలేదు.

ముందే వచ్చి వరండాలో కుర్చీ చూసుకుని కూర్చుంది. అదే ఎర్రకోటు. ఒళ్ళో సిలిండరు, ముక్కుకి గొట్టం. భర్తని కింద టీ తాగి రమ్మని పంపేసింది. నేను ఏదో కాగితం ఇవ్వాలన్న వంకతో నర్సు బల్ల దగ్గర నిలబడ్డాను.

ఆ పిల్ల మెల్లగా నడుచుకుంటూ వచ్చి, ఒక కుర్చీ వదిలి కూర్చుంది. తర్వాత ఆవిడ చెవి వైపు చూసింది.

"అది ఒరుసుకుంటుందా, అక్కడ?" అంది.

"మొదటి వారం మంట పుడుతుంది" అంది ఆవిడ. జుట్టు వెనక్కి తీసి, చెవి వెనక గొట్టానికి చుట్టిన మెత్తని ఉన్ని ముక్క చూపించింది. "ఇలా చుట్టుకో. రా, ఇటు కూర్చో, ఎలాగో చూపిస్తా."

పిల్ల లేచి పక్క కుర్చీలోకి మారింది.